సెమీ ఇచ్చిన శుక్రవారం

ఆ ఏడాది మా గుడి అగ్నిగుండంలో నా అంత తీరుబడిగా నడిచినవాడు లేడు. నా ముందువాళ్ళు గబగబా దాటేశారు. వెనకవాళ్ళు పళ్ళు బిగించి దాటారు. నేను మాత్రం శనివారం పూట మా బా టౌను మార్కెట్లో వంకాయలు చూసుకుంటూ పోయేవాడిలా ఒక్కో అడుగూ ఆనించి నడిచాను. నడిమధ్య ఆగి అమ్మవారికి దండం కూడా పెట్టాను. జనం గోవిందలు కొట్టారు. అవతలి గట్టున పూజారి నా నుదుట పసుపు దిద్ది, "అప్పన్నా, అమ్మ నిన్ను ఎత్తుకుని దాటించిందయ్యా" అన్నాడు. నిజంగానే అరికాళ్ళకు వేడి తగల్లేదు. వాన వెలిసిన సిమెంటు గచ్చు మీద నడిచినట్టుంది.

నా యాభై అయిదేళ్ళ బతుకులో అదే గొప్ప బేరం అనుకున్నాను. మాది మూడు తరాల దుకాణం. మా తాత ఫిజీకి గిర్మిట్ మీద, అంటే ఒప్పందపు కూలీగా, వచ్చి, ఆ గడువు ముగించుకుని చెరకు తోటలోంచి బయటికొచ్చి, గుర్రం మీద మేకులు, కత్తులు పెట్టుకుని ఊరూరా అమ్మాడు. మా నాయన దాన్ని బా టౌనుకు పైన, కొండల రోడ్డు మీద, హార్డ్‌వేర్ షాపు చేశాడు. మా ఇంట్లో పిల్లలకు అమ్మ, నాన్న తర్వాత వచ్చే మాట "ఇంకాస్త తగ్గించు". అందుకని అమ్మవారితో కూడా ముందే మాట్లాడుకున్నాను. నీ గుండం నేను తొక్కుతాను, నా షుగరు నువ్వు దించు. పదిరోజుల ఉపవాసం, పసుపు బట్ట, నాలుకకు సూది, అన్నీ నా వైపు నుంచి సక్రమంగా చెల్లించాను.

తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా ఇంట్లో ఈ లిపి ఎవరికీ రాదు. నా భార్య సరోజ్‌ది హిందీ ఇల్లు. కూతురు లత రాజధాని సువాలో టీచరు, దానికి ఇంగ్లీషు తప్ప మరొకటి చదవడం రాదు. మా నాయన మేకులు కట్టే కాగితాల మీద నాతో అక్షరాలు దిద్దించాడు. ఆయన పోయాక అవి గుళ్ళో గోడ మీద తప్ప కనపడలేదు. తప్పులుంటే సర్దుకోండి. చదవగలిగిన వాళ్ళు ఎక్కడ ఉన్నా, మా సరోజ్‌కు చెప్పరన్న ధైర్యంతో రాస్తున్నాను. షుగరున్న వాళ్ళు మీలో ఉంటే కొంచెం నిదానంగా చదవండి.

గుండం తొక్కడానికి వారం ముందు జరిగింది చెప్పాలి. షుగరు ఉన్నవాళ్ళు నర్సు చీటీ తెస్తేనే నిప్పుల్లోకి దించాలని ఆ ఏడు గుడి కమిటీ కొత్త నియమం పెట్టింది. మా రోడ్డు చివర ఒక చిన్న హెల్త్ సెంటర్ ఉండేది. దానికి సిస్టర్ మెరే ఒక్కతే నర్సు. మా దిగువ చెరకు ఊళ్ళు, ఎగువ కొండల్లోని ఫిజియన్ ఊళ్ళు, అన్నిటికీ ఆవిడే. ప్రతి గురువారం పాదాల పరీక్ష ఉచితమని మా షాపుకొచ్చి మరీ చెప్పేది. ఊరికే ఇచ్చే సరుకుకు గ్యారంటీ ఉండదని మా నాయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీద మూడేళ్ళు వెళ్ళలేదు. చీటీ కావలసివచ్చింది కాబట్టి వెళ్ళాను.

గోడ మీద "అందరికీ ఆరోగ్యం" అని మూడు భాషల్లో పెద్ద బొమ్మ. నవ్వుతున్న అమ్మ, నాన్న, పిల్లలు. దాన్ని గోడకు కొట్టిన నాలుగు మేకులూ మా షాపువే, సిస్టర్ కదా అని పాతవి ఇచ్చాను. అప్పటికే తుప్పు కారుతోంది.

సిస్టర్ మెరే ఒక సన్నటి నైలాను దారం తీసింది. "మిస్టర్ అప్పన్న, కళ్ళు మూసుకో. దారం తగిలినప్పుడల్లా ఇయో అను." ఇయో అంటే వాళ్ళ భాషలో అవును.

కళ్ళు మూశాను. దుకాణంవాడు పూర్తిగా మూస్తాడా? రెప్పల సందులోంచి ఆవిడ మోచెయ్యి కనిపిస్తూనే ఉంది. మోచెయ్యి కదిలినప్పుడల్లా ఇయో అన్నాను. ఒకసారి నమ్మకం కలగడానికి కావాలనే కొంచెం ఆలస్యం చేశాను. పదికి తొమ్మిది వచ్చాయి.

"నీ షుగరుకు ఈ కాళ్ళు ఇంత బాగుండటం వింతే. నిజంగా తెలిసిందా?"

"నేనెప్పుడైనా నీతో అబద్ధమాడానా సిస్టర్?"

"పోయిన నెల నువ్వమ్మిన పెయింటు మొదటి వానకే కారిపోయింది."

"అది పెయింటు ఆడిన అబద్ధం. నాది కాదు."

ఆవిడ నవ్వి చీటీ రాసిచ్చింది. ఆ చీటీ జేబులో పెట్టుకుని ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

గుండం దాటిన అయిదో రోజున సరోజ్ పక్క దులుపుతూ కేకేసింది. "లత కె పాపా, ఈ మరక ఎక్కడిది?" దుప్పటి కింది అంచున పచ్చటి తడి. కాలు ఎత్తి చూస్తే బొటనవేలి కింద బొబ్బ చితికిపోయి గుంట పడింది. ఆ గుంటలో ఒక మేకు ముక్క. రేకులకు కొట్టే మేకు, మా షాపుదే. ఎన్నాళ్ళ నుంచి దాన్ని కాల్లో పెట్టుకుని కౌంటర్ వెనక అటూ ఇటూ తిరిగానో నాకు తెలియదు.

సిస్టర్ మెరే ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ఒక చేత్తో నా కళ్ళు కప్పేసింది. "చెప్పు, ఇప్పుడు ఎక్కడ ముట్టుకుంటున్నాను?"

నేను ఎదురు చూశాను. ముట్టుకుంటుందేమోనని ఇంకా ఎదురు చూస్తూనే ఉన్నాను.

"అయిదు చోట్ల నొక్కాను" అంది చెయ్యి తీసి. "ఆ రోజు చూస్తూ చెప్పావు కదూ?"

అమ్మవారు నన్ను ఎత్తుకుని దాటించలేదని, నా కాళ్ళు అప్పటికే చచ్చిపోయి ఉన్నాయని నాకు అప్పుడు అర్థమైంది. గుండం మధ్య దండం పెట్టడానికి ఆగకపోయి ఉంటే ఇంత కాలేది కాదేమో. గోవిందల కోసం ఆగాను.

సెప్టెంబరు, అక్టోబరు. ఈ రెండు నెలలూ నేను బల్లల మీద కూర్చున్నాను. హెల్త్ సెంటర్ బల్ల చెక్కది, నడుము నొప్పి. టౌన్లో పెద్ద క్లినిక్ బల్ల ప్లాస్టిక్‌ది, చెమట. తెల్లవారి మొదటి బస్సు పట్టుకుంటే మధ్యాహ్నానికి పిలుపు వచ్చేది. పిలిచాక రాయాల్సింది రాసిచ్చేవారు. ఆ కాగితం పట్టుకుని మందుల కిటికీ దగ్గరికి పోతే, "ఇది అయిపోయింది అంకుల్, గురువారం రండి." గురువారం పోతే, "ఓడ రాలేదు అంకుల్." ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన రోజు మా స్కూల్లో కొత్త జెండా కింద వరసగా నిలబడితే, హెడ్‌మాస్టరు ఇకమీదట ఎవరూ మందు లేక చావరని చెప్పి మాకందరికీ తలా ఒక బన్ను ఇచ్చాడు. ఆ బన్ను తీపి ఇంకా గుర్తుంది. కిటికీ అవతలి పిల్ల మీద అరవబోయి ఊరుకున్నాను. ఆ పిల్ల కళ్ళ కింద నల్లటి చారలు. నాలాంటి వాళ్ళకు పొద్దుటి నుంచి ఎంతమందికి లేదని చెప్పిందో.

బయట మందుల షాపులో ఆ మాత్రలు ఉన్నాయి. ధర అడిగాను. సగం రోజులకే కొన్నాను. సగానికి తగ్గితే మిగతా సగం మిగిలినట్టే కదా అని లెక్క. తగ్గినట్టే ఉండి మళ్ళీ ముదిరింది.

సిస్టర్ మెరే తన భోజనం వేళ షాపుకు నడిచొచ్చి కట్టు కట్టేది. గాజుగుడ్డ నిండుకుంటే సరోజ్ పాత కాటన్ చీర చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి ఇచ్చేది. ఇద్దరూ నా కాలి మీద వంగి, నేను అక్కడ లేనట్టే మాట్లాడుకునేవాళ్ళు.

"ఇతనితో ఎలా వేగుతున్నావు సరోజ్?"

"పెళ్ళప్పుడు మా నాయన బేరం ఆడలేదు సిస్టర్. అడిగినంత ఇచ్చి తెచ్చుకున్నాడు."

అక్టోబరు చివర ఒకరోజు ఆవిడ కట్టు కట్టాక కూడా లేవలేదు. "నేను న్యూజీలాండ్ వెళ్తున్నాను మిస్టర్ అప్పన్న. ముసలివాళ్ళ ఆశ్రమంలో పని."

"నర్సు పనా?"

"కాదు. స్నానాలు చేయించడం, కాళ్ళు కడగడం. నా ముగ్గురు పిల్లల ఫీజులు దానితో అయిపోతాయి. ఇక్కడ కావు."

"నీ చోట ఎవరొస్తారు?"

ఆవిడ కట్టు సామాను సంచిలో సర్దుకుంది. తర్వాత తన కత్తెర నా కౌంటర్ మీద పెట్టి, "సరోజ్‌కు ఇవ్వు. చీర నీట్‌గా తెగుతుంది" అంది.

ఎవరూ రాలేదు. హెల్త్ సెంటర్ తలుపుకు తాళం పడింది. ఆ తాళమూ మా షాపులోదే.

ఈలోగా టౌన్లో డాక్టరు బొటనవేలు తీసేయాలన్నాడు. దీపావళి అమ్మకాలు అయ్యాక వస్తానన్నాను. దీపావళి ముందు ఇళ్ళకు రంగులు వేసుకునే కాలం, మా షాపుకు అదే కోత. పది రోజులాగి పోతే రెండు వేళ్ళన్నాడు. నేను ఒకటిన్నరకు రమ్మన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. కుర్రాడు, పొద్దుటి నుంచి టీ కూడా తాగినట్టు లేడు. ఇంకో వారానికి సగం పాదం. ఆడేకొద్దీ ధర పెరిగే బేరం నేను ముందెన్నడూ చూడలేదు. చూడలేదు కాబట్టి అవతలివాడు దిగుతాడనే ఆశతో ఆడుతూ పోయాను.

లత ఫోన్లో ఏడ్చింది. "పాపా, సువా వచ్చెయ్యి, ప్రైవేటులో చూపిద్దాం." ఎంతవుతుందని అడిగాను. చెప్పింది. ఆలోచిస్తానన్నాను. సరోజ్ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "అమ్మీ, మీ పాపా తన కాలు ధర సరిచూసుకుంటున్నాడు. కుదిరితే చెప్తాం" అని పెట్టేసింది. తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కట్టు మాత్రం పూటపూటా మార్చింది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా. వాసన నాకే పడేది కాదు. నాలుగో రోజు నేను సరేనన్నాను. సువా ప్రైవేటు వాళ్ళు లత చూపిన కాలి ఫోటో చూసి, ఇంత ముదిరాక తాము ముట్టుకోమని, మా వైపున్న ప్రభుత్వ పెద్దాసుపత్రికే పొమ్మని చెప్పారు. టౌన్ క్లినిక్‌లో అడిగితే అంబులెన్సు ఉంది, దానికి టైరు లేదన్నారు. మా షాపు సరుకు తెచ్చే ట్రక్కులోనే, సిమెంటు బస్తాల ఖాళీ గోతాల మీద పడుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాను.

నవంబరు. మగవాళ్ళ వార్డులో ఇరవై మంచాలు. అందులో నావంటి కాళ్ళు ఎన్నో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేశాను. ఒకడికి రెండోది కూడా పోబోతోంది. మరొకడికి ముప్పై ఏళ్ళు లేవు. పొద్దున డాక్టరు వచ్చి మంచం కాళ్ళ వైపు నిలబడితే ఎవరికీ గుండె ఆడేది కాదు. నాకైతే ఆ రోజుల్లో బతకాలని అంత గట్టిగా ఏమీ లేదు. కానీ చావాలన్నా భయమే. ఆ రెంటి మధ్య పడుకుని కప్పు మీద తడి మరకలు చూసేవాణ్ణి.

పక్క మంచం సెమీది. మా రోడ్డుకు పైన, కొండల్లో ఊరు. దళసరి మనిషి, మీసాల కింద మెత్తటి నవ్వు. చెరకు కత్తి జారి మడమ దగ్గర తెగిందట. అతనికీ షుగరే. కట్టు కట్టించుకుందామని గుర్రమెక్కి మూడు గంటలు దిగి వస్తే సిస్టర్ మెరే హెల్త్ సెంటర్‌కు తాళం. మళ్ళీ వారం వచ్చాడు, మళ్ళీ తాళం. అలా మా ఇద్దరి కాళ్ళూ ఒకే తాళం ముందు ఆగిపోయాయి.

"నీ షాపు నాకు తెలుసు తవాలె" అన్నాడు మొదటిరోజే. తవాలె అంటే బావమరిది వరస, మగవాళ్ళు స్నేహంగా పిలుచుకునే పిలుపు. "గోడ మీద బోర్డు ఉంటుంది, 'ఇక్కడ కెరెకెరె లేదు' అని."

సిగ్గుపడ్డాను. కెరెకెరె అంటే వాళ్ళ ఆచారం. అయినవాడు వచ్చి ఫలానాది కావాలని అడిగితే, ఉన్నవాడు లేదనకూడదు. అడిగినవాడు తిరిగి ఇవ్వాలన్న నియమమూ లేదు. మా వంటి దుకాణదారులకు అది పీడకల. మా నాయన ఆ బోర్డు రాయించాడు, నేను రెండుసార్లు రంగు వేయించాను.

"ఆ బోర్డు మా ఊళ్ళో పిల్లలకు ఆట" అన్నాడు సెమీ. "ఎవడైనా ఉడికిన దుంప దాచుకుంటే, అదిగో అప్పన్న షాపు అంటారు."

వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. చాలా రోజుల తర్వాత.

సరోజ్ తెచ్చే రొట్టె, బంగాళాదుంప కూరలో సెమీకి సగం పోయేది. అతన్ని చూడటానికి ఎవరూ రాలేదు. భార్య సెరా కొండ దిగాలంటే ట్రక్కు దొరకాలి. పోయిన తుఫానుకు వాళ్ళ ఇంటి కప్పు ఎగిరిపోయింది, పిల్లలతో టార్పాలిన్ కింద ఉంటున్నారు.

బుధవారం పొద్దున డాక్టరు మా ఇద్దరి మంచాల మధ్య నిలబడి చెప్పాడు. ఇద్దరికీ మోకాలి కింద నుంచి తీసేయాలి. ఇద్దరికీ వెంటనే తీయాలి. కానీ మత్తిచ్చే డాక్టర్లలో ఇద్దరు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు, ఉన్న ఒక్కడికి ఈ వారం శుక్రవారం ఒక్క చోటు ఉంది. ఆ చోటు సెమీది. నాది సోమవారం.

సోమవారం అన్న మాట నాకు నచ్చలేదు. ఈ రెండు నెలల్లో ఎవరు ఏ రోజు రమ్మన్నా ఆ రోజున ఏదో ఒకటి లేకపోవడమే చూశాను. మందు లేదు, ఓడ లేదు, టైరు లేదు, నర్సు లేదు. సోమవారం అనే సరుకు గోడౌనులో ఉందని నేను నమ్మలేదు. నా చేతిలో ఉన్నదే సరుకు.

మధ్యాహ్నం ఇద్దరు నర్సులు సెమీ చార్టు చూస్తూ హిందీలో నెమ్మదిగా అనుకున్నారు. "ఇతని జ్వరం చూడు. సోమవారం దాకా ఆగేది కాదు, అందుకే ముందు వేశారు." సెమీ అటు తిరిగి పడుకున్నాడు. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. ఎప్పటిలాగే, పూర్తిగా కాదు.

ఇక్కడి నుంచి సరోజ్‌కు తెలియనిది.

గురువారం వచ్చేటప్పుడు ఒక కట్ట యంగోనా వేరు తెమ్మని ఆమెకు ఫోన్ చేశాను. ఎండబెట్టిన వేరు, దంచి నీళ్ళలో కలుపుకుని తాగుతారు. కానీ అడగడానికి వెళ్ళేవాడు ఆ కట్ట రెండు చేతులా పట్టుకుని పెద్దవాడి ముందు పెడితే, అది పానీయం కాదు, మర్యాద. అది పుచ్చుకున్నవాడు లేదనలేడు. నలభై ఏళ్ళు కౌంటర్ వెనక నిలబడి, ఆ కట్టతో ఎవరూ లోపలికి రాకుండా కాపలా కాసినవాణ్ణి. దాని బరువు నాకంటే బాగా ఎవరికి తెలుసు?

సరోజ్ న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చింది. మంచి వేరు, నేను చెప్పిన రకమే. ఆమె టీ నీళ్ళ కోసం బయటికి వెళ్ళినప్పుడు, మంచం అంచున కూర్చుని, రెండు చేతులా పట్టుకుని సెమీ ముందు పెట్టాను.

అతను కట్ట వైపు, నా వైపు చూశాడు. "ఏమిటి తవాలె?"

"కెరెకెరె" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. "శుక్రవారం నాకివ్వు. సోమవారానికి సెరా కూడా వచ్చేస్తుంది. ఆమె లేకుండా నువ్వు కత్తి కిందికి పోవడం ఏం బాగుంటుంది? నీ ఇంటి కప్పుకు రేకులు నేనిస్తాను. ముప్పై రేకులు."

చూశారా, మర్యాదకు తోడు సరుకు కూడా కలిపాను. పాత అలవాటు.

సెమీ కిటికీ అవతలికి చూశాడు. తర్వాత అరచేతులు గుంట చేసి, వాళ్ళ పద్ధతిలో నెమ్మదిగా మూడుసార్లు చప్పట్లు కొట్టి, కట్ట అందుకున్నాడు. "రేకులెందుకు" అన్నాడు. "అడిగావు కదా."

డాక్టరు శుక్రవారం పొద్దున అతనితో పోట్లాడాడు. సెమీ తల అడ్డంగా ఊపుతూ ఒకే మాట అన్నాడు. "నా భార్య రానీ. సోమవారం." సంతకం పెట్టనివాణ్ణి బలవంతంగా తీసుకుపోలేరు. డాక్టరు విసుగ్గా నా చార్టు తీశాడు. నన్ను తోసుకుపోతుంటే సెమీ చెయ్యి ఎత్తి, "మోదే తవాలె" అన్నాడు. పడుకో, మళ్ళీ కలుద్దాం అని.

మెలకువ వచ్చేసరికి దుప్పటి ఎడమ వైపు చదునుగా ఉంది. సరోజ్ నా తల నిమురుతూ, "సెమీకి వేరు కట్ట ఇచ్చావటగా. జన్మలో మొదటిసారి ఒకరికి ఊరికే ఇచ్చావు లత కె పాపా" అని ఏడ్చింది. కాలు పోయినందుకు ఏడవలేదు, దానికి ఏడ్చింది. నేను మత్తు ఇంకా దిగనట్టు కళ్ళు మూసుకున్నాను. ఆసారి పూర్తిగా.

శనివారం సెరా వచ్చింది. చెరకు ట్రక్కు ఎక్కి, ఉడికించిన కసావా దుంప గుడ్డలో కట్టుకుని. నాకూ పెట్టింది. "నా భర్తకు రోజూ రొట్టె పెట్టావట. వినాకా, వినాకా" అని నా చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెప్పింది. ఆ దుంప మింగడానికి నాకు ఒక పూట పట్టింది.

సోమవారం ఆపరేషన్ కత్తులను ఆవిరిలో ఉడికించే యంత్రం పాడైంది. అందులో ఉడకనిదే ఏ కత్తీ పనికిరాదు. భాగం సువా నుంచి రావాలన్నారు. మంగళవారం సువాలో లేదు, సిడ్నీ నుంచి అన్నారు. సెమీని వేరే ఊరి ఆసుపత్రికి పంపుదామంటే అక్కడ మంచం లేదు. డాక్టరు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఇతనూ కుర్రవాడే, వరండాలో గోడకు తల ఆనించి నిలబడటం నేను చూశాను. నర్సులు చల్లటి గుడ్డలు మార్చారు. సెరా చదువుకున్న ప్రార్థనలన్నీ అయిపోయి, మొదటి నుంచి మొదలుపెట్టింది. బుధవారం పది గంటలకు, టీ బండి వార్డులోకి వచ్చే వేళ, సెమీ పోయాడు.

నేను పక్క మంచం మీదే ఉన్నాను. మధ్యన తెర లాగారు. తెర కింద నుంచి సెరా పాదాలు కనిపించాయి. చాలాసేపు కదలలేదు.

మార్చిలో, వానలు కాస్త తెరిపి ఇచ్చాక, ట్రక్కులో ముప్పై రేకులు వేయించాను. ఎక్కించేటప్పుడు మా వాళ్ళు పల్చటి రకం తీశారు. నేను ఏమీ అనకుండా ఊరుకున్నాను, ఒక నిమిషం. ఆ ఒక్క నిమిషం కూడా రాస్తున్నాను. తర్వాత దింపించి, దళసరివి ఎక్కించాను. సరోజ్ కూడా వస్తానంది. మోకాళ్ళ నొప్పి కదా, ఆ రోడ్డు నీకు పడదని చెప్పి వద్దన్నాను.

సెరా టార్పాలిన్ కింద చాప వేసి కూర్చోబెట్టింది. నా చెక్క కాలు ఎటు పెట్టాలో తెలియక ఇబ్బంది పడుతుంటే, దాని కింద దిండు పెట్టింది. టీ ఇచ్చింది. రేకుల సంగతి తనకు తెలుసంది.

"సెమీ చెప్పాడా?"

"శనివారం చెప్పాడు. తవాలె వస్తాడు, రేకులు తెస్తాడు, వద్దనకు, అతని మనసు కష్టపడుతుంది అన్నాడు."

నేను గ్లాసు కింద పెట్టాను. "ఇంకేమన్నాడు?"

"నేను కోపం చేశాను. డాక్టరు నీది ముందని చెప్పాక ఎందుకు ఆగావని. శుక్రవారం పొద్దున డాక్టరు స్పష్టంగా చెప్పాడట, ఆగితే చచ్చిపోతావని. దానికి అతను ఏమన్నాడంటే..." సెరా చాప పోగు ఒకటి లాగుతూ ఉండిపోయింది. "నా పక్కవాడు చాలా భయపడుతున్నాడు సెరా, అన్నాడు. రెండు చేతులా పట్టుకుని అడిగాడు అన్నాడు."

ఇన్నాళ్ళూ నేను అతన్ని మోసం చేశానని అనుకుని, ఆ పాపాన్నైనా నాదిగా దాచుకున్నాను. అతను మోసపోలేదు. చార్టు నాకంటే బాగా తెలిసి, ధర తెలిసి, ఇచ్చాడు.

"నర్సులు అన్నది నేను ముందే విన్నాను" అన్నాను. చెప్పడానికే అంత దూరం వెళ్ళాను. "అతనికి ఎక్కువగా ఉందని నాకు తెలుసు. తెలిసే అడిగాను."

సెరా నా వైపు చూడలేదు. బయట మనుషులు రేకులు దింపుతున్న చప్పుడు వస్తోంది. "ఇసా" అంది చివరికి. అయ్యో అని. అది నాకోసమో, తనకోసమో, నాకు తెలియలేదు. గ్లాసులో టీ చల్లారిపోతే తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చింది. లేచేటప్పుడు చెయ్యి అందించింది. మళ్ళీ రమ్మని మాత్రం అనలేదు.

బోర్డు తీసేశాను. గోడ మీద ఆ మేరకు తెల్లగా ఉండిపోయింది. సరోజ్ ఎందుకని అడగలేదు, మంచిపని చేశావంది. ఆమె నా గురించి నాలుగు నెలలుగా మంచిగా మాట్లాడుతోంది. దాన్ని భరించడం కాలు లేకపోవడం కంటే కష్టంగా ఉంది.

హెల్త్ సెంటర్ నెలకొక గురువారం తెరుస్తున్నారు. టౌన్ నుంచి ఒక కొత్త పిల్ల వస్తుంది. పోయినసారి నా కుడి పాదం పట్టుకుని నైలాను దారం తీసింది. చెప్పకముందే కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"తెలుస్తోందా అంకుల్?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

పది చోట్లా లేదు.

ఇక బిల్లు. ఆసుపత్రి నుంచి వచ్చే రోజు గుమాస్తాను ఎంతయిందని అడిగితే, ప్రభుత్వ ఆసుపత్రి కదా అంకుల్, ఏమీ లేదని, మొత్తం అన్న చోట అడ్డగీత గీసి కాగితం ఇచ్చాడు. ఆ గీత తప్పు. సరిగ్గా వేస్తే ఇలా ఉంటుంది. ఎడమ కాలు, మోకాలికి జానెడు కింద నుంచి: అది నేను కొన్నది, పూర్తి ధరకు, ఎవరినీ అనడానికి లేదు. తాళం వేసిన తలుపు, రాని ఓడ, లేని టైరు, ఉడకని కత్తులు: అవి ఎవరి పేరున రాయాలో నాకు తెలియదు, తెలిసినవాళ్ళు కూర్చుని రాయాలి. రేకులు ముప్పై, దళసరివి: సెరా ఇంటి మీద ఉన్నాయి. ఒక శుక్రవారం, పొద్దున తొమ్మిది గంటలకు: సెమీది. అతనికి నలభై ఆరేళ్ళు.